ఆర్బిట్రేషన్ అవార్డు మీద కోర్టుకు వెళ్లడం ఎలా: బెంగళూరులోని తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

ఆర్బిట్రేటర్ (ఒప్పందం ప్రకారం కోర్టు బయట వివాదాన్ని తేల్చే మధ్యవర్తి) ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, తమకు వ్యతిరేకంగా రాగానే చాలామంది ‘హైకోర్టులో అప్పీలు వేద్దాం’ అంటారు. కానీ అవార్డు మీద నేరుగా అప్పీలు లేదు. 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం ఇక్కడ రెండు మెట్లు పెట్టింది. ముందు సెక్షన్ 34 కింద అవార్డును రద్దు చేయాలని పిటిషన్ వేయాలి. దాని మీద కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో నష్టపోయిన పక్షం సెక్షన్ 37 కింద అప్పీలుకు వెళ్లాలి. మొదటి మెట్టు దగ్గర జరిగిన పొరపాటును రెండో మెట్టు మీద దిద్దుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ మొదటి మెట్టుకే కేటాయిస్తున్నాను.

వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల అపార్టుమెంట్లు కట్టే అనంతపురం, నెల్లూరు కాంట్రాక్టర్లు ఉన్నారు. స్థలం ఇచ్చి జాయింట్ డెవలప్‌మెంట్ ఒప్పందం చేసుకున్న కుటుంబాలు, ఇంటీరియర్ పనివారు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మనుషులను సమకూర్చే చిన్న సంస్థలు ఉన్నాయి. వీరి ఒప్పందాల చివరి పేజీల్లో తరచుగా ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటుంది. సంతకం పెట్టిన రోజున దాన్ని చదివేవారు తక్కువ. గొడవ వచ్చి, అవార్డు వచ్చి, ఆ కాగితాలు పట్టుకొని లాయరు దగ్గరకు వెళ్లేసరికి ఎంతో విలువైన కాలం కరిగిపోయి ఉంటుంది. న్యాయం తమవైపు ఉండి కూడా కేవలం తేదీ దాటిపోయి ఓడిపోవడం కంటే బాధాకరమైనది ఈ వృత్తిలో నాకు మరొకటి కనిపించలేదు.

మొదటి అడుగు: కాపీ అందిన తేదీని రాసి పెట్టుకోండి

లెక్క మొదలయ్యేది అవార్డు మీద ఆర్బిట్రేటర్ వేసిన తేదీ నుంచి కాదు. సంతకం చేసిన అవార్డు ప్రతి సంబంధిత పక్షానికి అందిన రోజు నుంచి. అందువల్ల కవరును పారేయకండి. పోస్టల్ రసీదు, కొరియర్ ట్రాకింగ్ కాగితం, ఈమెయిల్ ప్రింటు, స్వయంగా తీసుకుంటే ఆ రోజు పెట్టిన సంతకం, అన్నీ ఒక ఫైలులో ఉంచండి. కంపెనీ అయితే నిర్ణయం తీసుకోగల అధికారికి కాపీ ఎప్పుడు అందిందన్నది ముఖ్యం. ఇన్‌వార్డు గుమస్తా తీసుకున్న రోజే అందినట్టు లెక్క కాదని 2005లో సుప్రీంకోర్టు రైల్వే శాఖ కేసులో చెప్పింది. అయితే అది పెద్ద ప్రభుత్వ శాఖల సంగతి. ఇద్దరు డైరెక్టర్లున్న చిన్న కంపెనీ ఆ వాదన మీద ఆశ పెట్టుకోకూడదు.

గడువు మూడు నెలలు. తొంభై రోజులు కాదు, క్యాలెండర్ ప్రకారం మూడు నెలలు. అది దాటితే, తగిన కారణం చూపితే, కోర్టు మరో 30 రోజుల వరకు అనుమతించవచ్చు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా లేదు. మామూలు సివిల్ కేసుల్లో ఆలస్యాన్ని మన్నించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 ఇక్కడ పనిచేయదని 2001 నుంచి సుప్రీంకోర్టు పదేపదే చెబుతోంది. అనారోగ్యమైనా, లాయరు నిర్లక్ష్యమైనా, ఇంట్లో చావైనా ఆ గోడను దాటించలేవు.

ఒక ఉదాహరణ. అవార్డు కాపీ 2026 జనవరి 10న అందిందనుకుందాం. ఆ రోజును మినహాయిస్తే మూడు నెలలు ఏప్రిల్ 10తో ముగుస్తాయి. ఆ రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు దాఖలు చేయవచ్చు. అదనపు 30 రోజులు మే 10తో ముగుస్తాయి. 2026 మే 10 ఆదివారం. ఇక్కడే చాలామంది పడిపోతారు. మూడు నెలల గడువుకు వర్తించే సెలవు వెసులుబాటు ఈ అదనపు 30 రోజులకు వర్తించదు. 2012లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది, 2025 జనవరిలో మళ్లీ నిలబెట్టింది. కాబట్టి సోమవారం వేస్తానంటే కుదరదు. పైగా మే నెల అంటే వేసవి సెలవుల కాలం. దసరా సెలవులతోనూ ఇదే ఇబ్బంది. అందుకే అదనపు 30 రోజులు అసలు లేవనుకొని పని చేయండి.

అవార్డులో కూడిక తప్పో, టైపు తప్పో ఉంటే, లేదా మీరు అడిగిన ఒక క్లెయిమ్‌ను ఆర్బిట్రేటర్ తేల్చకుండా వదిలేసి ఉంటే, కాపీ అందిన 30 రోజుల్లో సెక్షన్ 33 కింద ఆయన్నే అడగవచ్చు. అలా నిజంగా సెక్షన్ 33 కిందికి వచ్చే దరఖాస్తు వేస్తే, దాన్ని తేల్చిన రోజు నుంచి మూడు నెలల లెక్క మొదలవుతుంది. అవార్డును తిరిగి విచారించమని కోరే దరఖాస్తుకు ‘సెక్షన్ 33’ అని పేరు పెట్టినంత మాత్రాన గడువు పెరగదు.

రెండో అడుగు: ఏ కోర్టు?

ఒప్పందం తెరిచి ఆర్బిట్రేషన్ ‘సీటు’, అంటే చట్టం దృష్టిలో ఆర్బిట్రేషన్‌కు కేంద్రమైన ఊరు, ఏదని రాశారో చూడండి. పని బెంగళూరులో జరిగినా సీటు హైదరాబాదు అయితే పిటిషన్ హైదరాబాదులోనే వేయాలి. పని కర్నూలులో జరిగినా సీటు బెంగళూరు అయితే ఇక్కడే. సీటు ఉన్న ఊరి కోర్టులకే పూర్తి అధికారమని సుప్రీంకోర్టు 2017లోను, 2019లోను స్పష్టం చేసింది. ‘సీటు’ అన్న మాట లేకుండా ఆర్బిట్రేషన్ ‘వేదిక’ బెంగళూరు అని మాత్రమే ఉండి, దానికి విరుద్ధమైన సూచన మరేదీ లేకపోతే సాధారణంగా దాన్నే సీటుగా తీసుకుంటారు.

సీటు బెంగళూరు అని తేలాక వివాదం విలువ చూడాలి. క్లెయిమ్, కౌంటర్ క్లెయిమ్ (ఎదుటి పక్షం తిరిగి అడిగేది) రెండూ కలిపి లెక్కించాలి. వాణిజ్య వివాదమై ఆ మొత్తం 3 లక్షల రూపాయలు లేదా అంతకు మించి ఉంటే అది 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తుంది. మొదట కోటి రూపాయలుగా ఉన్న ఈ హద్దును 2018లో 3 లక్షలకు తగ్గించారు. కాబట్టి వ్యాపార వివాదాలు దాదాపు అన్నీ కమర్షియల్ కోర్టుకే వెళతాయి. అంతకంటే చిన్నవి సిటీ సివిల్ కోర్టుకు వెళతాయి. ఒక పక్షం విదేశీయులో, విదేశీ కంపెనీయో అయిన అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్ అయితే నేరుగా హైకోర్టులో వేయాలి. అమెరికాలో స్థిరపడిన తమ్ముడో, అమెరికా కంపెనీయో ఒప్పందంలో పక్షంగా ఉన్నప్పుడు ఈ సంగతి మరిచిపోవద్దు.

పొరపాటున, కానీ చిత్తశుద్ధితో, అధికారం లేని కోర్టులో గడిపిన కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయించవచ్చు. కర్ణాటక నీటిపారుదల శాఖ పక్షంగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు ఇందుకు ఆధారం. కానీ ఆ చిత్తశుద్ధిని రుజువు చేసే భారం మీ మీదే పడుతుంది.

మూడో అడుగు: కారణాలను వడపోయండి

ఈ అడుగు దగ్గర కొంత కఠినంగా ఆలోచించాలి. ‘ఆర్బిట్రేటర్ మా సాక్షిని నమ్మలేదు’, ‘బిల్లులను తప్పుగా అర్థం చేసుకున్నారు’, ‘ఇంకా ఎక్కువ ఇవ్వాల్సింది’ అన్నవి అవార్డును రద్దు చేసే కారణాలు కావు. సాక్ష్యాన్ని తూచే అధికారం ఆర్బిట్రేటర్‌దే. ఆయన తీసుకున్న అభిప్రాయం సాధ్యమైనదైతే, జడ్జికి వేరే అభిప్రాయం ఉన్నా జోక్యం చేసుకోరు.

సెక్షన్ 34 ఒప్పుకొనే కారణాలు పరిమితం. ఒప్పందం చెల్లదు. మీకు సరైన నోటీసు రాలేదు, లేదా మీ వాదన వినిపించే అవకాశం ఇవ్వలేదు. ఆర్బిట్రేటర్‌కు అప్పగించని విషయం మీద తీర్పు చెప్పారు. ఆర్బిట్రేటర్ నియామకం ఒప్పందానికి విరుద్ధంగా జరిగింది. ఆ వివాదం అసలు ఆర్బిట్రేషన్‌కు పనికిరానిది. మోసం, అవినీతి ప్రభావంతో అవార్డు వచ్చింది, లేదా అది భారతీయ న్యాయ విధానపు మూల సూత్రాలకే విరుద్ధం. ఇవి కాక, దేశీయ అవార్డుల విషయంలో అవార్డు మొహం మీదే కనిపించే చట్ట విరుద్ధత, అంటే పేటెంట్ ఇల్లీగాలిటీ అనే కారణం కూడా ఉంది. ఒప్పందంలో స్పష్టంగా ఉన్న షరతును పక్కనపెట్టి తీర్పు ఇవ్వడం, ఏ సాక్ష్యమూ లేకుండా లక్షలు మంజూరు చేయడం, కారణాలే రాయకపోవడం దీని కిందికి వస్తాయి. చట్టాన్ని తప్పుగా అన్వయించారన్నంత మాత్రాన అది చాలదని చట్టంలోనే రాసి ఉంది.

ఆర్బిట్రేటర్‌ను ఎదుటి కంపెనీయే ఏకపక్షంగా నియమించిందా అన్నది తప్పక పరిశీలించండి. ఫైనాన్సు కంపెనీల రుణ ఒప్పందాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. వివాదం ఫలితంతో సంబంధమున్న వ్యక్తి తానొక్కడే ఆర్బిట్రేటర్‌ను నియమించకూడదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వివాదం వచ్చాక మీరు రాతపూర్వకంగా ఒప్పుకొని ఉంటే మాత్రం పరిస్థితి మారుతుంది.

పది బలహీన కారణాలకంటే రెండు బలమైనవి మేలు. ముప్పై కారణాలతో వచ్చిన పిటిషన్‌ను జడ్జి మామూలు అప్పీలు లాగే చూస్తారు, కొట్టివేయడం తేలికవుతుంది. ఇది నా గట్టి అభిప్రాయం.

నాలుగో అడుగు: కాగితాలు

పిటిషన్‌తో పాటు అవార్డు కాపీ, ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్న ఒప్పందం, క్లెయిమ్, జవాబు, ముఖ్యమైన ఎగ్జిబిట్లు, సాక్షుల వాంగ్మూలాలు, ఆర్బిట్రేటర్ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులు, వకాలతు, ధ్రువీకరణ అఫిడవిట్ ఉండాలి. కంపెనీ తరఫున అయితే సంతకం పెట్టేవారికి అధికారమిచ్చే బోర్డు తీర్మానం జతచేయాలి. గడువు తప్పకూడదని నాలుగు పేజీలు పడేసి, మిగతావి తర్వాత చూద్దాం అనుకోవద్దు. అవార్డు కాపీ, సంతకాలు లేని దాఖలును దాఖలుగా లెక్కించకూడదని ఎదుటి పక్షం వాదిస్తుంది.

కేసు ఆర్బిట్రేటర్ ముందున్న రికార్డు మీదే నడుస్తుంది. 2019 సవరణ ఈ మాటను చట్టంలో చేర్చింది. కొత్తగా సాక్షులను ప్రవేశపెడతామంటే అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఒప్పుకోరు. కర్ణాటక నుంచే వెళ్లిన ఒక కేసులో, హైకోర్టు అలా అనుమతి ఇస్తే 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందువల్ల ఆర్బిట్రేషన్ ఇంకా నడుస్తున్నవారు ఈ భాగం మరింత శ్రద్ధగా చదవాలి. అభ్యంతరం ఏదున్నా అక్కడే, రాతపూర్వకంగా, ఆ రోజు ప్రొసీడింగ్స్‌లో నమోదయ్యేలా చెప్పండి. మౌనంగా ఊరుకుంటే ఆ హక్కును వదులుకున్నట్టే చట్టం భావించవచ్చు.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది తెలుగు కాగితాలు. ఊళ్లో స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం, చేతిరాత లెక్కల పుస్తకం, వాట్సాప్‌లో తెలుగులో పంపుకున్న సందేశాలు బెంగళూరు జడ్జికి చదవడం రాకపోవచ్చు. వాటికి ఇంగ్లీషు అనువాదం చేయించి, అనువదించినవారి అఫిడవిట్ జతచేయండి. ఆర్బిట్రేటర్ ముందు ఇచ్చిన అనువాదాన్నే ఇక్కడా ఇవ్వండి. ఇప్పుడు మెరుగుపరిచిన అనువాదం పెడితే రికార్డు మార్చారన్న ఆరోపణ వస్తుంది.

పిటిషన్ వేసేముందు ఎదుటి పక్షానికి నోటీసు ఇచ్చి, ఇచ్చినట్టు అఫిడవిట్ పెట్టాలని సెక్షన్ 34(5) చెబుతుంది. నోటీసు లేనంత మాత్రాన పిటిషన్ చెల్లకుండా పోదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇవ్వండి. దాని ఖర్చు ఎంతో తక్కువ.

ఐదో అడుగు: స్టే, డిపాజిట్

ఇదివరకు సెక్షన్ 34 పిటిషన్ వేస్తే చాలు, అవార్డు అమలు దానంతటదే ఆగిపోయేది. 2015 సవరణ దాన్ని తీసేసింది. 2019లో పార్లమెంటు సెక్షన్ 87 చేర్చి పాత కేసులకు ఆ వెసులుబాటును తిరిగి తెస్తే, అదే ఏడాది నవంబరు 27న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. కాబట్టి పిటిషన్‌తో పాటే సెక్షన్ 36 కింద స్టే కోసం విడిగా దరఖాస్తు వేయాలి. వేయకపోతే గెలిచిన పక్షం మీ బ్యాంకు ఖాతా మీద అటాచ్‌మెంట్ (జప్తు) తేగలదు.

డబ్బు చెల్లించమన్న అవార్డు మీద స్టే ఊరికే ఇవ్వరు. అవార్డు మొత్తంలో పెద్ద భాగాన్ని, ఒక్కోసారి వడ్డీతో సహా అంతా, కోర్టులో జమ చేయమంటారు. కొన్నిసార్లు బ్యాంకు గ్యారంటీ ఒప్పుకుంటారు. ఒప్పందమో అవార్డో మోసం, అవినీతి వల్ల వచ్చిందని ప్రాథమికంగా కనిపిస్తే షరతులు లేకుండా స్టే ఇవ్వాలని 2021 సవరణ చెబుతోంది. ఆ ఆరోపణకు ఆధారం లేకుండా దాన్ని వాడకండి.

చిన్న పరిశ్రమల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన అవార్డు అయితే, కొనుగోలుదారు అందులోని మొత్తంలో 75 శాతం జమ చేస్తే తప్ప పిటిషన్‌ను విచారణకు తీసుకోరు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం సెక్షన్ 19 ఇది. మీరు సరఫరాదారు అయితే మీకు గొప్ప రక్ష. కొనుగోలుదారు అయితే ముందే నిధులు సిద్ధం చేసుకోవాలి.

వడ్డీని కూడా లెక్కేసుకోండి. అవార్డు వేరేగా చెప్పకపోతే, చెల్లించేదాకా, అవార్డు తేదీన నడుస్తున్న వడ్డీ రేటుకంటే 2 శాతం ఎక్కువ పడుతుంది. బలహీనమైన కేసును సంవత్సరాల తరబడి నడిపితే చివరకు కట్టాల్సింది అసలుకంటే భారమవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూశాక రాజీకి వెళ్లడంలో అవమానం ఏమీ లేదు.

ఆరో అడుగు: విచారణ, ఉత్తర్వు

ఎదుటివారికి నోటీసు అందిన రోజు నుంచి ఏడాదిలోపు సెక్షన్ 34 పిటిషన్‌ను తేల్చాలని చట్టం. ఆచరణలో ఎక్కువ కాలం పట్టవచ్చు. కేసు నంబరు, సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకొని ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి వాయిదా మీరే చూసుకోండి.

అవార్డును కోర్టు సవరించగలదా అన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. సవరించలేదు, రద్దు మాత్రమే చేయగలదని 2021లో తమిళనాడు జాతీయ రహదారుల భూసేకరణ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత చెన్నై నుంచి వెళ్లిన మరో కేసులో 2025 ఏప్రిల్ 30న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 4:1 మెజారిటీతో పరిమితమైన అధికారం ఉందని తేల్చింది. చెల్లని భాగాన్ని చెల్లే భాగం నుంచి విడదీయగలిగినప్పుడు, లెక్కల తప్పో రాత తప్పో కనిపిస్తున్నప్పుడు, కొన్ని సందర్భాల్లో అవార్డు తర్వాతి వడ్డీ విషయంలో కోర్టు సవరించవచ్చు. కాబట్టి పిటిషన్ ప్రార్థనలో అవార్డు మొత్తం రద్దు చేయాలని, ప్రత్యామ్నాయంగా ఫలానా క్లెయిమ్ వరకు విడదీసి రద్దు చేయాలని రెండూ అడగడం మంచిది.

ఏడో అడుగు: హైకోర్టుకు అప్పీలు

ఉత్తర్వు చెప్పిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కమర్షియల్ కోర్టు ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు 60 రోజులు. లెక్క తీర్పు తేదీ నుంచి మొదలవుతుంది. సర్టిఫైడ్ కాపీ తయారీకి పట్టిన కాలం మినహాయిస్తారు, కానీ దరఖాస్తే పెట్టకుండా కాపీ రాలేదంటే వినరు. 3 లక్షలకంటే తక్కువ విలువైన కేసులో హైకోర్టుకు 90 రోజులు. సెక్షన్ 34లా ఇక్కడ దాటరాని గోడ లేదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం హైకోర్టుకు ఉంది. అయితే ఆ మన్నింపు చిన్న ఆలస్యాలకే, అదీ మినహాయింపుగానే అని 2021 మార్చి 19న సుప్రీంకోర్టు కట్టడి చేసింది. ప్రభుత్వ శాఖలకూ ఇదే మాట.

అప్పీలు కర్ణాటక హైకోర్టులోని కమర్షియల్ అప్పీలేట్ డివిజన్‌కు, అంటే ఇద్దరు జడ్జీల ధర్మాసనం ముందుకు వెళుతుంది. హైకోర్టు ఉండేది విధానసౌధ ఎదుట ఉన్న ఎర్ర భవనం అట్టార కచేరిలో. పర్పుల్ లైన్ మెట్రోలో అంబేడ్కర్ విధానసౌధ స్టేషన్‌లో దిగితే దగ్గర.

అన్ని ఉత్తర్వుల మీదా అప్పీలు లేదు. సెక్షన్ 34 కింద అవార్డును రద్దు చేసినా, రద్దు చేయడానికి నిరాకరించినా ఉంది. ఆలస్యం మన్నించనందున పిటిషన్ కొట్టేసినా ఉంది. సెక్షన్ 9 కింద మధ్యంతర రక్షణ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఉంది. సెక్షన్ 8 కింద ఆర్బిట్రేషన్‌కు పంపడానికి కోర్టు నిరాకరిస్తే ఉంది, పంపితే లేదు. తనకు అధికారం లేదని ఆర్బిట్రేటర్ ఒప్పుకుంటే ఉంది. అధికారం ఉందని చెప్పి ముందుకు సాగితే, అవార్డు దాకా ఆగి సెక్షన్ 34లోనే ఆ మాట ఎత్తాలి.

అప్పీలు మెమో రాసేటప్పుడు సెక్షన్ 34 పిటిషన్‌నే తిరగరాయకండి. హైకోర్టు చూసేది కింది కోర్టు తన పరిధిని దాటిందా, లేక పరిధిలో ఉన్నదాన్ని వదిలేసిందా అన్నదే. కింది కోర్టు మీ పిటిషన్ కొట్టేసి ఉంటే ఆర్బిట్రేటర్, కోర్టు ఇద్దరూ ఒకే మాట చెప్పినట్టు, కాబట్టి హైకోర్టు మరింత జాగ్రత్తగా ఉంటుంది. మీరు గెలిచిన అవార్డును కింది కోర్టు సాక్ష్యాన్ని తిరగదోడి రద్దు చేసి ఉంటే మాత్రం మీ చేతిలో బలమైన ఆయుధం ఉన్నట్టే. ఉత్తర్వులో ఏ పేరాలో జడ్జి తన అభిప్రాయాన్ని ఆర్బిట్రేటర్ అభిప్రాయం స్థానంలో పెట్టారో పేరా నంబరుతో సహా చూపండి.

గెలిచినవారు కేవియట్ వేసుకోవాలి. అప్పుడు మీకు తెలియకుండా స్టే రాదు. అది 90 రోజులు మాత్రమే చెల్లుతుంది, తర్వాత మళ్లీ వేయాలి. ఎదుటివారు కోర్టులో డబ్బు జమ చేస్తే, బ్యాంకు గ్యారంటీ ఇచ్చి దాన్ని తీసుకోవడానికి దరఖాస్తు చేయవచ్చు.

హైకోర్టు తర్వాత

రెండో అప్పీలు లేదు. రాజ్యాంగం 136వ అధికరణ కింద సుప్రీంకోర్టును ప్రత్యేక అనుమతి కోరవచ్చు, గడువు 90 రోజులు. అక్కడ అనుమతి దొరకడం అరుదు.

అవార్డు నిలిచాక అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాన్ని అమలు చేయించే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌ను (ఈపీ) బెంగళూరులోనే వేయాలన్న నియమం లేదు. ఓడినవారి ఆస్తి హిందూపురంలోనో నెల్లూరులోనో ఉంటే నేరుగా అక్కడి కోర్టులోనే వేయవచ్చని, బెంగళూరు నుంచి బదిలీ ఉత్తర్వు అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అవార్డు మీద స్టాంపు డ్యూటీ సరిపోలేదన్న అభ్యంతరం సాధారణంగా ఈ దశలోనే ఎదురవుతుంది. ఈపీ వేసేముందే దాన్ని సరిచూసుకొని, అవార్డు అసలు ప్రతిని, సెక్షన్ 34, సెక్షన్ 37 ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలను, ఎదుటివారి ఆస్తుల వివరాలను సిద్ధంగా పెట్టుకొని అక్కడి లాయరును కలవండి.